కుండీలోని మొక్క – గాజుపళ్లెములోని పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ యూరికి విద్యాదానము చేయుచున్న మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము. ఇట్టి శుభసమయమున నేను కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో మాట్లాడుదునని మీలో పెక్కుమంది తలంచియుందురు. కాని కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినపుడు, పఠనమందిరమునకు వచ్చు పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి నాకు జ్ఞప్తికి వచ్చినది. "మనము వాకిట కుండీలలో అందమునకై పెంచు మొక్కలలో రోగక్రిములను చంపు గుణమున్నదని పత్రికలో వ్రాసినారు. అది నిజమేనా?" అని వారి ప్రశ్న. ప్రశ్న చిన్నది, సమాధానము పెద్దది. నేను వైద్యుడను గాను, శాస్త్రజ్ఞుడను గాను. లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ బీరువాలలోని గ్రంథములను చదువుకొన్నవాడను. ఆ చదువు నాకిచ్చిన దానిని మీ ముందుంచుటకు అనుజ్ఞ వేడుచున్నాను.

బౌద్ధుల వినయపిటకమున జీవకుని కథ కలదు. జీవకుడు తక్షశిలలో ఏడేండ్లు వైద్యవిద్య నభ్యసించెను. విద్య ఎప్పటికి ముగియునని అతడడుగగా, గురువు చేతికి గునపమిచ్చి, "తక్షశిల చుట్టును యోజనము మేర తిరిగి, ఔషధము కానిదేదైన కనబడిన తెమ్ము" అని పంపెను. జీవకుడు తిరిగి తిరిగి రిక్తహస్తములతో వచ్చి, అట్టిది ఒక్కటియు కానరాలేదని విన్నవించెను. నీ విద్య ముగిసినదని గురువు సెలవిచ్చెను. చరకసంహితయందును ఈ భావమే కలదు: ఔషధము కాజాలని ద్రవ్యము లోకమున లేదని ఆ మహర్షి యభిప్రాయము.

ఈ మాటను మనవారు మిక్కిలి యిష్టముతో ఉదాహరింతురు. ఉదాహరించువారిలో నూటికి తొంబదిమంది సగము మాత్రమే చెప్పుదురు. ఆ వాక్యమునకు మిగిలిన సగమేమనగా, ఆయా ద్రవ్యము తగిన యుక్తిని, తగిన ప్రయోజనమును అనుసరించి మాత్రమే ఔషధమగుచున్నది. అదే సూత్రస్థానమున మొదటి అధ్యాయమునందే, ఎరుగని ఔషధము విషముతోను, శస్త్రముతోను, అగ్నితోను, పిడుగుతోను సమానమనియు, ఎరిగినది అమృతతుల్యమనియు హెచ్చరిక కలదు. పెద్దల మాటలో సగమును జమకట్టి, సగమును వదలివేసినచో అది తప్పుడు లెక్క యగును. నా నేటి ప్రసంగమంతయు ఆ వదలివేసిన సగమును గూర్చియే.

మొదట, మొక్కలకు క్రిములను చంపు గుణము ఏల యుండవలెను? జంతువు శత్రువును చూచి పరుగెత్తగలదు. దాని రక్తమున తెల్లకణములు కాపలా తిరుగుచుండును. మొక్కకు కాళ్లు లేవు, రక్తము లేదు. నాటిన చోటనే నిలిచి వాననీటితో వచ్చు బూజును, పురుగు కొరికిన గాయమున చొచ్చు బాక్టీరియమును ఎదుర్కొనవలెను. అందువలన అది తన దేహములోనే చేదును, వగరును, ఘాటును, జిగురును తయారు చేసికొనును. కొన్ని ద్రవ్యములు ముందుగానే నిలువయుండును. కొన్ని శత్రువు సోకిన తరువాత పుట్టును. కావున ఏ ఆకును నూరి పరీక్షించినను ఏదో యొక క్రిమిపై ఏదో కొంత ప్రభావము కనబడుట ఆశ్చర్యము గాదు. కనబడిన ప్రభావము ఎంత, అది మనుష్యునకు పనికివచ్చునా, ఏ ధరకు వచ్చును అన్నవే అసలైన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు సాధనము గాజుపళ్లెము. దాని చరిత్ర వినదగినది. 1880 ప్రాంతమున జర్మనీలో రాబర్ట్ కాఖ్ అను శాస్త్రజ్ఞుడు క్రిములను విడివిడిగా పెంచుటకు జెలటిన్ అను పదార్థమును వాడుచుండెను. వేసవిలో అది కరగిపోయెడిది. కొన్ని క్రిములు దానినే తినివేసెడివి. ఆయన వద్ద పనిచేయుచుండిన వైద్యుని భార్య ఫానీ హెస్సె, తాను వంటలో పండ్లపాకము గడ్డకట్టుటకు వాడు అగర్‌ను వాడి చూడుడని 1881లో సూచించెను. అగర్ సముద్రపు పాచినుండి వచ్చునది. జావాలో నివసించి వచ్చిన పొరుగువారివలన ఆమె దానిని నేర్చుకొనెనట. వంటింటి అనుభవము ప్రయోగశాల కష్టమును తీర్చినది. 1887లో రిచర్డ్ పెట్రి అను నాతడు మూతగల చదునైన గాజుపళ్లెమును వర్ణించెను. ఆ పళ్లెము నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది.

1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అట్టి పళ్లెమునందే, బూజు పడిన చోట చుట్టును క్రిములు కరగిపోయిన వలయమును చూచెను. పెనిసిలిన్ అట్లు కనబడినది. అయితే వలయము కనబడిన దినమున ఔషధము పుట్టలేదు. ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మున్నగువారు దానిని శుద్ధిచేసి, 1940 మే 25వ తేదీన ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన క్రిములను ఎక్కించి, నాలుగింటికి మాత్రము పెనిసిలిన్ ఇచ్చిరి. మరునాటి ఉదయమునకు మందు పొందని నాలుగును చచ్చియుండెను, పొందినవి బ్రదికియుండెను. ఆ మందు పొందని నాలుగు ఎలుకలు లేకున్నచో ఆ ప్రయోగమునకు విలువ లేదు. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దీనిని మరల ప్రస్తావింతును.

పెనిసిలిన్ బూజునుండి దొరకగా, పచ్చని మొక్కలలో మాత్రమేల దొరకరాదు అని చాలమంది తలంచిరి. 1943లో ఆస్బర్న్ అను శాస్త్రజ్ఞురాలు ఆక్స్‌ఫర్డులో సుమారు 2,300 జాతుల పూమొక్కల రసములను పరీక్షించి ఫలితములను ప్రకటించెను. కొన్నిటియందు ప్రభావము కనబడెను, ఎక్కువవాటియందు కనబడలేదు. మరుసటి సంవత్సరము, 1944లో, అమెరికాలో కావల్లీటో, బెయిలీ అనువారు వెల్లుల్లిలోని అల్లిసిన్‌ను వేరుచేసిరి. నాటినుండి నేటివరకు ఈ వెదకులాట సాగుచునే యున్నది. మన దేశమున కళాశాలలలో ప్రతి సంవత్సరమును ఎందరో విద్యార్థులు పెరటి మొక్కలను, కుండీ మొక్కలను తెచ్చి ఈ పరీక్ష చేయుచున్నారు. పత్రికలకు ఎక్కు వార్తలు చాలవరకు ఇట్టి పరీక్షలనుండి పుట్టినవే.

ఇక పరీక్షించు విధానమును చెప్పెదను. మొదటిది, మొక్కను సరిగా గుర్తించుట. "గన్నేరు" అని మనము మూడు వేర్వేరు మొక్కలను పిలుచుచున్నాము. ఎర్రని పూలది ఒకటి. గంటవంటి పసుపుపూల పచ్చగన్నేరు ఒకటి. మూరెడెత్తున పెరుగు బిళ్లగన్నేరు ఒకటి. మూడింటి గుణములును వేరు. కావున శాస్త్రజ్ఞులు పూవుతో కొమ్మను ఎండబెట్టి, కాగితమున కుట్టి, శాస్త్రీయనామము వ్రాసి భద్రపరతురు. సర్వే నంబరు లేని భూమిని గూర్చి తగవులాడుట ఎట్టిదో, నమూనా లేని మొక్కను గూర్చి వాదించుట అట్టిది.

రెండవది, ఆకును కడిగి నీడలో ఎండబెట్టి పొడిచేయుట. మూడవది, సారమును తీయుట. నీటిలో నానబెట్టినచో వగరు, చక్కెరలు, లవణములు దిగును. మద్యసారమున చేదులు, రంగులు, ఘాటుద్రవ్యములు ఎక్కువగా దిగును. నూనెజాతివి వేరొక ద్రావకమున గాని దిగవు. కావున "ఈ ఆకునకు గుణమున్నది" అను మాట అసంపూర్ణము. దేనిలో నానబెట్టిరి, ఎంతసేపు, వేడిచేసిరా లేదా అన్నవి చెప్పవలెను.

దీనికి మిక్కిలి గొప్ప నిదర్శనము చైనాదేశమునుండి వచ్చినది. టూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు మలేరియాకు మందు వెదకుచు, ఒక జాతి మాచిపత్రి కషాయమున గుణము ఒకసారి కనబడుట, ఒకసారి కనబడకపోవుట చూచి విసిగియుండెను. అప్పుడు నాలుగవ శతాబ్దమున గె హాంగ్ వ్రాసిన వైద్యగ్రంథమున, ఆ మొక్కను నీట నానబెట్టి పిండి రసమును త్రాగవలెనని యుండుట ఆమె గమనించెను. కాచుమని అందు లేదు. వేడివలన గుణము చెడుచున్నదని ఆమె ఊహించి, తక్కువ వేడిమికే ఆవిరియగు ఈథరుతో 1971లో సారము తీసెను. ఫలించినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. ప్రాచీనగ్రంథమును పూజించువారు లక్షలమంది ఉందురు. దానిని అక్షరమక్షరము చదివినవారికే అది ఫలమిచ్చును. గ్రంథాలయములో చెప్పదగిన మాట ఇంతకంటె మరియొకటి లేదు.

నాలుగవది, అసలు పరీక్ష. పళ్లెమున అగర్ కలిపిన ఆహారమును నాలుగు మిల్లీమీటర్ల మందముగ పోసి గడ్డకట్టింతురు. పేరు తెలిసిన క్రిమిని, మిల్లీలీటరునకు సుమారు 15 కోట్ల కణములుండునట్లు నీటిలో కలిపి, దానిపై సమముగ పూయుదురు. ఆరు మిల్లీమీటర్ల గుండ్రని కాగితపు బిళ్లలను సారమున తడిపి ఆరబెట్టి, పళ్లెముమీద ఉంచుదురు. 35 డిగ్రీల వెచ్చదనమున పదునారు మొదలు పదునెనిమిది గంటలు ఉంచిన తరువాత చూతురు. క్రిములు పెరిగిన చోట పళ్లెము మసకగా నుండును. పెరుగని చోట బిళ్ల చుట్టును తేటవలయము కానవచ్చును. ఆ వలయపు వ్యాసమును కొలిచి వ్రాతురు. ఈ వ్యాసములో బిళ్ల వ్యాసమును కలిసియుండునని మరువరాదు. "ఆరు మిల్లీమీటర్ల వలయము" అని వ్రాసిన, వలయము శూన్యమని యర్థము.

క్రిములన్నియు ఒక్క తీరువి కావు. 1884లో క్రిస్టియన్ గ్రామ్ అను వైద్యుడు కనిపెట్టిన రంగుపరీక్షనుబట్టి వానిని రెండు తెగలుగా చెప్పుదురు. పుండ్లను చీముపట్టించు స్టెఫిలోకాకస్ ఒక తెగ. ప్రేవులయందుండు ఈ-కోలై, గాయములను ఆశ్రయించు సూడోమొనాస్ రెండవ తెగ. రెండవ తెగవానికి గోడమీద మరియొక పొర కవచమువలె నుండును. కావున మొక్కల సారములు మొదటి తెగను తేలికగా ఆపును. రెండవ తెగ యెదుట చాలవరకు ఓడిపోవును. "క్రిములను చంపును" అని వ్రాసినవాడు ఏ క్రిమినో చెప్పకున్న, ఏ ఊరికో చెప్పక బండి కట్టినట్లే.

ఇప్పుడు ఆ నాలుగు చిట్టెలుకల మాటకు వత్తును. ఆకును మద్యసారములో నానబెట్టి, బిళ్ల ఆరకముందే పళ్లెమున ఉంచినచో, వలయము ఆకువలన కలిగినదా, మద్యసారమువలన కలిగినదా? తెలిసికొనుటకు ఉత్త మద్యసారముతో తడిపిన బిళ్లను కూడ పక్కన ఉంచవలెను. పరీక్ష సరిగా నడచినదని తెలియుటకు, గుణము తెలిసిన మందు బిళ్లను ఒకదానిని ఉంచవలెను. ఇట్టి సరిపోల్చు బిళ్లలు లేని పరీక్ష, జమ వ్రాసి ఖర్చు పక్క ఖాళీగా విడిచిన చిట్టావంటిది. ఒక్కసారి చేసి ఊరకుండరాదు. కనీసము మూడుమార్లు చేసి, వచ్చిన అంకెలన్నియు వ్రాయవలెను. నచ్చిన అంకెను ఉంచి నచ్చనిదానిని కొట్టివేయుట ఏ లెక్కలోను క్షమింపదగినది కాదు.

వలయము పెద్దదైన మందు బలమైనదనుటయు పొరబాటే. చిన్న అణువులు అగర్‌లో దూరము పాకును. పెద్దవియు నూనెజాతివియు బిళ్లవద్దనే ఆగును. అందువలన బలమును తూచుటకు వేరొక పద్ధతి కలదు. సారమును వరుస గొట్టములలో సగమునకు సగము పలుచన చేయుచు పోవుదురు. మొదటి గొట్టమున నున్నది రూపాయి యనుకొన్నచో, రెండవదానిలో అర, మూడవదానిలో పాతిక, నాలుగవదానిలో అరపాతిక, అయిదవదానిలో వీసము. ఇది మన పెద్దలు వీధిబడిలో వల్లించిన భిన్నముల వరుసయే. అన్నిటిలోను క్రిమిని సమముగ కలిపి, ఏ గొట్టమువరకు తేటగా నిలిచినదో చూతురు. క్రిమి పెరుగుటను ఆపిన మిక్కిలి తక్కువ మోతాదే ఆ సారపు బలము. తేటగానున్న గొట్టమునుండి చుక్కను తీసి క్రొత్త పళ్లెమున వేసినచో క్రిమి మరల మొలకెత్తవచ్చును. అపుడు అది ఆగినదేగాని చావలేదని తెలియును. ఆపుట వేరు, చంపుట వేరు.

ఇక్కడ అంకెలు మాట్లాడును. క్రిమి లొంగునదైనపుడు, వైద్యులిచ్చు మంచి మందులు మిల్లీలీటరునకు ఒక మైక్రోగ్రాము ప్రాంతముననే దానిని ఆపగలవు. ఆకుసారములకు తరచుగా వందలు, వేలు కావలసి వచ్చును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షల వంతు. ముడి సారము నూరు మైక్రోగ్రాములలోపు పనిచేసిన ఆసక్తికరమనియు, వేయి దాటిన దానిని మందుగా తలపరాదనియు ఈ శాస్త్రమున అనుభవముగలవారు చెప్పుదురు. వేయింతల మోతాదును రక్తములో నింపుట యెట్లు? నింపినను మనుష్యుడు బ్రదుకునా?

ఈ చివరి ప్రశ్నయే అన్నిటికంటె పెద్దది. సున్నము క్రిములను చంపును. కాస్టిక్ సోడా చంపును. వానిని మనము త్రాగుట లేదు. ఫ్లెమింగ్ గొప్పతనము వలయమును చూచుటయందే లేదు. పెనిసిలిన్ క్రిములను చంపుచు మనుష్యుని తెల్లకణములను బాధింపకుండుటను ఆయన గమనించుటయందును కలదు. శత్రువును చంపి మిత్రుని విడుచునదే మందు. ఇద్దరిని చంపునది విషము.

మన వాకిళ్లలోని మొక్కలను ఈ తూనికతో ఒక్కొక్కటిగ చూతము.

కలబందను మొదట తీసికొందము. దాని మట్టలో రెండు వేర్వేరు సరుకులున్నవి. తోలు క్రింద పసుపుపచ్చని చేదుపాలు. నడుమ తేటయైన గుజ్జు. చేదుపాలను ఎండించినదే మన పచారికొట్టులోని మూసాంబరము. అది తీవ్రమైన విరేచనకారి. గుజ్జు చల్లదనమునకు పూయునది. "కలబంద రసము" అని యొక్క మాటలో వ్రాసిన పరీక్ష ఏ సరుకును పరీక్షించినట్లు?

తరువాత వామాకు. దీనిని కర్పూరవల్లియనియు అందురు. దళసరి యాకులు, నలిపిన ఘాటువాసన. ఆ వాసన కార్వక్రాల్, థైమాల్ అను ద్రవ్యములది. థైమాల్ మన వాములోను ఉన్నది. నోరు పుక్కిలించు మందులలో వాడబడుచున్నది. దీని నూనె పళ్లెమున నిజముగానే వలయము చూపును. మన అవ్వలు పసిపిల్లల దగ్గునకు ఈ ఆకురసము నిచ్చుటలో ఇంగితము లేకపోలేదు. కాని దగ్గునకు ఉపశమనము వేరు, ఊపిరితిత్తులకు పట్టిన జ్వరమును కుదుర్చుట వేరు. బిడ్డ డొక్కలెగురవేయుచున్నపుడు ఆకు కోయుచు కూర్చుండరాదు.

మనీప్లాంటు, డైఫెన్‌బాకియా అను రంగురంగుల ఆకుల మొక్కలు నేడు పట్టణములయందేగాక మన యూరి యిండ్లలోను వచ్చినవి. ఇవి మన కందకు, చేమకు దాయాదులు. కంద కోసినపుడు చేతులు దురదపెట్టుట మీరెరుగుదురు. దానికి కారణము సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు. ఆ సూదులే ఈ మొక్కలలోను ఉన్నవి. డైఫెన్‌బాకియా ఆకు నమలిన బిడ్డకు నాలుక వాచి మాట పెగలకపోవచ్చును. వీని సారమునకు వలయము కనబడినదని వార్త వచ్చిన, ఆకును నోట పెట్టుకొనవచ్చునని దాని యర్థము గాదు.

ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు సంగతి మన జిల్లాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గన్నేరుపప్పు పేరు వినిననే తల్లులు ఉలికిపడుదురు. అందలి విషము గుండె కొట్టుకొనుటను తారుమారు చేయును. అది పళ్లెములో ఎంత వలయము చూపిననేమి?

ఇక బిళ్లగన్నేరు. దీని కథ ఆకర్ణింపదగినది. ఈ ఆకు నమలిన మధుమేహము తగ్గునని మన పల్లెలలోను, దూరదేశములలోను జనులు నమ్ముచు వచ్చిరి. 1952లో జమైకాద్వీపమునుండి కెనడాకు కొన్ని ఆకులు ఒక పొట్లములో చేరెను. రాబర్ట్ నోబుల్, ఆయనతోపాటు చార్లెస్ బీర్ అను రసాయనవేత్త, వాని సారమును ఎలుకలపై పరీక్షించిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. కాని సూదిమందుగ పొందిన ఎలుకలు సూడోమొనాస్ క్రిమి సోకి, ఒడలెల్ల చీముగడ్డలతో చచ్చెను. ఏలయనగా ఆ సారము వాని తెల్లకణములను నశింపజేసినది. మరియొకరైన ప్రయోగము చెడినదని పారవేసెడివారు. వీరు లెక్క చూచిరి. తెల్లకణములను తగ్గించునది, తెల్లకణములు విచ్చలవిడిగ పెరుగు రక్తపుకేన్సరునకు మందు కారాదా యని తలంచిరి. 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ వేరుచేయబడినది. దాని వెంటనే అమెరికాలో విన్‌క్రిస్టిన్ వెలువడినది. పిల్లల రక్తకేన్సరు చికిత్సలో నేటికిని విన్‌క్రిస్టిన్ ప్రధానమైన మందు.

ఈ కథలో రెండు నీతులు గలవు. తులసికోట పక్కన ఊరకే మొలచు పూమొక్క ఎందరో బిడ్డల ప్రాణములను కాపాడినది, ఇది మొదటిది. అదే మొక్కసారము క్రిములను చంపుటకు మారుగ, క్రిములతో పోరాడు మన సైన్యమునే చంపగలదు, ఇది రెండవది. చక్కెరవ్యాధికని ఆ ఆకును దినదినము నమలువారు ఈ రెండవదానిని ఆలోచింపవలెను.

ఈ వెదకులాటలో మన తెలుగువాడొకడు ఎంత దూరము పోయెనో చెప్పకున్న ప్రసంగము వెలితిగానుండును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనాధిపతిగానుండి, మట్టి నమూనాలనుండి క్రిమినాశకములను వెదకించు మహాకార్యమును నడపించిరి. ఆ కృషిలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బంగారువన్నెగల క్రిమినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున అదియే మొదటిది. ఎన్ని మట్టి పిడికిళ్లు పళ్లెములలో వమ్మైపోయి ఒక్కటి ఫలించినదో తలంచినచో, ఒక ఆకు చుట్టు ఒక వలయమును చూచి తొందరపడుట ఎంత బాల్యమో తెలియును.

సభాసదులారా! ఇదంతయు పండితచర్చగ మీకు తోచవచ్చును. కాని దీనివెనుక ప్రాణముల సంగతి యున్నది. పొలమున మేకు గ్రుచ్చుకొన్నవాడు ఆకుపసరు పిండి గుడ్డ కట్టుకొనుట మనకు అలవాటు. ధనుర్వాతపు క్రిమి మట్టిలోనే యుండును. దాని బీజములు ఏండ్లతరబడి చావవు. గాలి చొరని లోతుగాయమే దానికి ఇల్లు. శుభ్రపరుపక పైన పసరుముద్ద పెట్టి కట్టుట దాని యింటికి తలుపు వేసి కాపాడుటయే యగును. ఏ ఆకు వలయమును అచటికి దిగజాలదు. గాయమును సబ్బుతో, పారునీటితో కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పురిటిబిడ్డల ధనుర్వాతము మన దేశమున అదుపులోనికి వచ్చి, దాని నిర్మూలన లక్ష్యము చేరినట్లు 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించినది. తల్లులకు టీకాలు వేయుటవలనను, పరిశుభ్రమైన కాన్పులవలనను అది సాధ్యమైనది. బొడ్డుమీద పూసిన పసరువలన కాదు.

మరియొక సంగతి. ఆకులపై భ్రమ ఒక తప్పయిన, మందుబిళ్లలపై భ్రమ మరియొక తప్పు. జలుబు చేసినంతనే దుకాణమున క్రిమినాశకపు బిళ్లలు రెండు కొని మ్రింగి, తగ్గినదని మానివేయువారు మనలో లేరా? తక్కువ మోతాదులో వాడిన క్రిములు మందునకు అలవాటుపడునని ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ బహుమానము పొందిన ప్రసంగముననే హెచ్చరించెను. నేడు పెక్కు క్రిములు పెక్కు మందులకు లొంగుట లేదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు మరల మొక్కలవైపు ఆశతో చూచుచున్నారు. ఆ ఆశ న్యాయమైనది. నేను పరీక్షలను వలదనుట లేదు. ఇంకను ఎక్కువగ, ఇంకను నిజాయితీగ జరుగవలెనని కోరుచున్నాను.

విద్యార్థులకు ఒక సూచన. ఇంటిలో పళ్లెములు పెట్టి చేతిమురికినుండి క్రిములను పెంచకుడు. ఏ ప్రమాదకరమైన క్రిమి పెరుగునో మీకు తెలియదు. దానికి మారుగ రొట్టెలకు వాడు ఈస్టుతో ఒక చిన్న ప్రయోగము చేయుడు. ఒకే కొలత సీసాలు నాలుగు తీసికొనుడు. నాలుగింటిలోను ఒకే కొలత గోరువెచ్చని నీరు, ఒక చెంచా పంచదార వేయుడు. మొదటిదానిలో ఈస్టు మాత్రము. రెండవదానిలో ఈస్టు, వామాకురసము. మూడవదానిలో ఈస్టు, గుప్పెడుప్పు. నాలుగవదానిలో ఈస్టు లేక వామాకురసము మాత్రము కలుపుడు. రసము వేయనివానిలో ఆ మేరకు నీటిని చేర్చుడు. మూతులకు బుడగలు తొడిగి, గంట తరువాత బుడగల చుట్టుకొలతను దారముతో కొలిచి వ్రాయుడు. మూడు దినములు మూడుమార్లు చేయుడు. నాలుగు సీసాలు ఏల కావలసివచ్చెనో మీకు మీరే చెప్పగలిగిన దినమున, పత్రికలోని వార్తను ఎట్లు చదువవలెనో మీకు తెలిసినట్లే. సీసాలలోని దానిని ఎవరును త్రాగరాదు సుమా!

గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక మనవి. ఈ రజతోత్సవమునకు గుర్తుగ ఒక వృక్షపుస్తకమును ప్రారంభింపుడు. ఊరిలో పెరుగు ప్రతి మొక్క కొమ్మను ఎండబెట్టి ఒక పుటలో అతికింపుడు. దాని తెలుగుపేరు, సంస్కృతనామము, శాస్త్రీయనామము వ్రాయుడు. క్రింద మూడు గళ్లు గీయుడు. పెద్దలు దీనిని దేనికి వాడుదురు అన్నది మొదటి గడి. పరీక్షలలో ఏమి తేలినది అన్నది రెండవ గడి. దీనివలన హాని యేమి అన్నది మూడవ గడి. తెలియని గడిని ఖాళీగానే ఉంచుడు. ఖాళీ గడి సిగ్గుపడదగినది కాదు. ఊహతో నింపిన గడియే సిగ్గుపడదగినది. మన అవ్వలు ఎరిగినది వారితోనే పోకముందు మొదటి గడిని నింపుడు. కళాశాలలకు పోవు పిల్లలు రెండవ, మూడవ గళ్లను నింపుదురు.

జీవకుడు యోజనము మేర తిరిగి వట్టిచేతులతో వచ్చెనని వింటిమి. ఆ తిరుగుటలో అతడు ప్రతి మొక్కవద్దను నిలిచి, తాను నేర్చినదానితో దానిని పోల్చి చూచియుండును. మొక్కను చూచి నమస్కరించి పోవుటకు గురువు గునపమిచ్చి పంపనక్కరలేదు. త్రవ్వి చూడుమనియే ఇచ్చెను. ఈ గ్రంథాలయము మనకిచ్చినదియు ఆ గునపమే. దానిని తుప్పుపట్టనీయక, ఇంకొక ఇరువదియైదేండ్లు, ఆ పైన మరియు ఇరువదియైదేండ్లు మన పిల్లల చేతులలో ఆడనిండు.